ఎర్ర సిరా గీత కింద

నేను ఉద్యోగ విరమణ చేసిన రోజున ప్రయోగశాల రిజిస్టర్లన్నింటినీ సంవత్సరాల వరుసలో బల్లమీద పేర్చి, ప్రతి దానిలోని పుటల సంఖ్యనూ సరిచూసి, నా స్థానంలోకి వచ్చినాయనకు అప్పగించాను. అన్నింటిలోనూ కలిపి ఒకే ఒక్క పుట లేదు. ఆయన ఆ చోటును వేలితో తడిమి, ఎలుకలు కొట్టాయా అని అడిగారు. కాదు, నేనే చించానని చెప్పాను. నా స్వభావం విని ఉన్నవారు గనుక ఆయన నవ్వారు, హాస్యమాడుతున్నానని అనుకున్నారు. నాకు హాస్యమాడే అలవాటు లేదు. ఆ పుట ఎందుకు లేదో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం సిగ్గు.

ఎనభైల తొలి సంవత్సరాల మాట. తమిళనాడులోని ధర్మపురిలో ఒక ట్రస్టు నడిపే చిన్న వైద్యశాలలో ప్రయోగశాల నా బాధ్యత. మందుల గదికీ వంటగదికీ నడుమ ఒక ఇరుకు గది, ఒక ఇంక్యుబేటరు, ఒక మైక్రోస్కోపు, గాజు సామగ్రిని ఉడికించడానికి పెళ్ళివారి దగ్గర ఉండేటంత పెద్ద ప్రెషర్ కుక్కరు: ఇదీ నా రాజ్యం. చిన్నదే అయినా అందులో ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉండేది. సీసాల పేర్లన్నీ ఒకే వైపుకు తిరిగి ఉండవలసిందే. రిజిస్టరులో అంకెలకు నల్ల సిరా, దిద్దుబాట్లకు ఎర్ర సిరా. ఏ గీత గీసినా గీటుకట్టె ఆనించి గీయవలసిందే.

గాజు సామగ్రి కడగడానికి ఒక ఆవిడ ఉండేది. వయసులో నాకంటే అయిదారేళ్ళు పెద్ద. ఆమె ఇంటివారూ మా వారూ కొన్ని తరాలుగా ఈ ప్రాంతంలోనే ఉన్న తెలుగువారు. తేడా ఏమిటంటే, మా నాన్నగారు నన్ను చిత్తూరుకు పంపి తెలుగు చదివించారు. ఆమె ఊరి బడిలో అయిదో తరగతి దాకా తమిళం చదువుకుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాయవలసివస్తే ఆ తెలుగునే తమిళ అక్షరాలతో రాస్తుంది. మా వైపు అది సర్వసాధారణం. నాకు మాత్రం అది చూస్తే ఒళ్ళు మండేది. ఆమె "వచ్చినాను సారు" అంటే నేను "వచ్చానండి" అని దిద్దేవాణ్ణి.

"మీ తెలుగు రేడియోలో వార్తల మాదిరి ఉంటుంది సారు," అనేది ఆమె గొట్టాలు తోముతూ. "వినేదానికి బాగుంటుంది. బదులు చెప్పేదానికే భయం."

మా పని ఇది. పుండులోని చీమును గాజు ప్లేటులోని అగార్ అనే జిగురుపొర మీద పలుచగా పులిమి, దానిపైన మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలను ఉంచి, రాత్రంతా వెచ్చగా పెడతాము. మరునాటికి ప్లేటంతా సూక్ష్మజీవులు మంచులా పరచుకుంటాయి. ఏ మందుకు అవి చస్తాయో ఆ బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని గుండ్రని ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని కొలిచి, ఈ మందు పనిచేస్తుంది, ఇది చేయదు అని వైద్యునికి రాసి పంపుతాము.

బిళ్ళలు ఎక్కడ పెట్టాలో చూపడానికి నేను ఒక అట్టముక్కమీద వృత్తం గీసి ఆరు గుర్తులు పెట్టాను. ప్లేటును దానిమీద ఉంచి, ఇంగ్లీషు అక్షరాల వరుసలో బిళ్ళలు వేయాలి: ఆంపిసిలిన్, క్లోరాంఫెనికాల్, ఎరిత్రోమైసిన్, జెంటామైసిన్, లింకోమైసిన్, టెట్రాసైక్లిన్. ఆ వరుసలో ఎరిత్రోమైసిన్‌కూ లింకోమైసిన్‌కూ మధ్య ఎప్పుడూ జెంటామైసిన్ ఉండేది. అట్టముక్కను చూసి పైనుంచి వచ్చిన తనిఖీదారు ఒకాయన మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పును చాలాకాలం మనసులో దాచుకున్నాను.

ఆ ఏడు చింతకాయ దింపే కాలంలో, కారిమంగళం దగ్గరి ఊరినుంచి ఒక మనిషిని మోసుకువచ్చారు. చింతచెట్లెక్కి కొమ్మలు కుదిపి కాయలు రాల్చడం అతని వృత్తి. ముప్పై ఏళ్ళుంటాయి. కొమ్మ విరిగి పడి మోకాలి కింద ఎముక బయటపడింది. పెన్సిలిన్ అతని ఒంటికి పడదు; దద్దుర్లు లేస్తాయి. అందుకని ఊళ్ళో ఎవరో ఎరిత్రోమైసిన్ మాత్రలు ఇచ్చారు. వాటిని కొన్నాళ్ళు మింగి, కొన్నాళ్ళు మాని, నెల దాటాక ఎముకలోంచి చీము కారుతుండగా మా దగ్గరికి వచ్చాడు. "కాలు ఉంటే చెట్టు, చెట్టు ఉంటే కూడు," అన్నాడట వైద్యునితో. ఏ మందు ఇవ్వాలో ప్రయోగశాల చెప్పాలి.

ఆ రోజు నేను లేను. పాలకోడులో మా మేనత్త పెద్దకర్మకు వెళ్ళాను. చీము ఎండిపోతుందని వైద్యుడు ఆవిడనే ప్లేటు వేయమన్నారు. ఆమె ఏళ్ళ తరబడి నా చేతిపని చూస్తూ ఉన్నదే కదా.

మరునాడు ఉదయం నేను వచ్చేసరికి ఆమె ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తున్నది.

"సారు, ఒక మాట. జెంటా సీసా అయిపోయింది. ఆ చోట్లో లింకో పెట్టినాను. ఎడం ఎందుకు ఇడసల్ల అని."

"ఎడం విడవాలో వద్దో నిర్ణయించవలసినది నీవా?"

"తప్పే సారు. అయితే ఈ వట్టం చూడండి. మిగతావి గుండ్రంగా ఉండాయి. లింకో వట్టం మాత్రం ఒక పక్క అప్పళాన్ని ఇరిచినట్టుండాది."

వట్టం అంటే తమిళంలో వృత్తం, అప్పళం అంటే అప్పడం. చూశాను. నిజమే. లింకోమైసిన్ చుట్టూ ఉన్న ఖాళీ మూడు వైపులా గుండ్రంగా ఉండి, నాలుగో వైపు తిన్నని గీత గీసినట్టు ఆగిపోయింది. ఎరిత్రోమైసిన్ బిళ్ళ చుట్టూ ఖాళీయే లేదు.

"నీవు సమంగా పులమలేదు. చెయ్యి వణికి ఉంటుంది."

"నా చెయ్యి వణికితే మీ గొట్టాలు ఇన్నేళ్ళు పగలకుండా ఉంటాయా సారు?" అని, అంతటితో ఊరుకోకుండా మళ్ళీ చెప్పింది. "ఇరిగిన పక్క ఎరిత్రో ఉండాది. ఆ పక్కనుంచే ఏదో తోస్తా ఉండాది."

"బిళ్ళలు తోయవు," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉండిందో ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది. ప్లేటును తీసుకుని, దానినుంచి కొంచెం పెరుగుదలను వేరే ప్లేటుకు ఎత్తి, పాతదాన్ని ఫినాయిలు బకెట్టులో ముంచాను. జిల్లా ఆసుపత్రినుంచి జెంటామైసిన్ బిళ్ళల సీసా తెప్పించి, అట్టముక్క ప్రకారం ఆరింటినీ వరుసలో పెట్టాను. మరునాడు లింకోమైసిన్ చుట్టూ కంపాసుతో గీసినట్టు గుండ్రని ఖాళీ వచ్చింది. కొలిచాను. పనిచేస్తుందని రాశాను.

రిజిస్టరు తెరిస్తే అభిప్రాయాల గడిలో ఆమె రాసినది కనబడింది. నేను లేనప్పుడు జరిగినది ఏదైనా అందులో రాయాలన్నది నేను పెట్టిన నియమమే. నాలుగు చిన్న వాక్యాలు, తమిళ అక్షరాలతో తెలుగు మాటలు. పూర్తిగా చదవలేదు. అధికార పత్రంలో అటువంటి రాత ఉండడం నాకు మురికి చేత్తో ముట్టుకున్నట్టు తోచింది. గీటుకట్టె ఆనించి, ఎర్ర సిరాతో, నాలుగు వరుసలకూ నాలుగు గీతలు గీశాను. ఆమె గొట్టాలు తోముతూనే ఉంది. తలెత్తలేదు.

వైద్యుడు నా నివేదికను నమ్మి లింకోమైసిన్ సూదులు మొదలుపెట్టారు. వారం, పది రోజులు అద్భుతంగా పనిచేసింది. చీము ఆగింది, జ్వరం పోయింది. అతను కర్ర ఊతతో ప్రయోగశాల గుమ్మందాకా నడిచి వచ్చి, "సారు, మీ కాగితమే నన్ను లేపింది. ఈసారి మంచి చెట్టు చూసి మీకు ఒక మూట పంపిస్తా," అన్నాడు. ఆవిడ లోపలినుంచే, "సారుకు పులుపు పడదప్పా, మాకు పంపు," అంది. ముగ్గురమూ నవ్వాము. నేను కూడా నవ్వానని నాకు బాగా జ్ఞాపకం.

మూడోవారంలో చీము తిరిగివచ్చింది. కొత్తగా ప్లేటు వేశాను. అన్నీ వరుసలోనే ఉన్నాయి. లింకోమైసిన్ చుట్టూ ఈసారి ఖాళీ లేనేలేదు; సూక్ష్మజీవులు బిళ్ళ అంచువరకూ పెరిగాయి.

ఒకే మనిషి, ఒకే పుండు, ఒకే జాతి సూక్ష్మజీవి. ఇరవై రోజుల కిందట చచ్చినది ఇప్పుడు ఎందుకు చావదు? నాకు తెలియదు. తెలియదని అనడం నాకు చేతకాదు. గుమ్మంలో అతని తల్లీ భార్యా నిలబడి ఉన్నారు.

"ఊసులన్నీ వేయించుకున్నావా?" అని అతణ్ణి అడిగాను. మా వైపు సూదిమందును ఊసి అనే అంటారు. ఆ మాట నా నోట వచ్చిందంటేనే నేను ఎంత తడబడ్డానో తెలుస్తుంది.

"ఒక్కనాడు తప్పింది సారు. బస్సు రాలేదు. మిగతావన్నీ వేసుకున్నాను."

తల్లి ముందుకు వచ్చింది. "ఊసి కాదు సామీ. కంబైనల్లూరులో వీడి అత్త కరువాడు పెట్టింది. పుండు మనిషికి ఎండుచేప పెడతారా ఎవురైనా? పథ్యం చెడగొట్టింది ఆ మహాతల్లి!"

"ఒక్క ముక్కమ్మా," అన్నాడు అతను.

"ఒక్క ముక్క చాలదా? ఇషం ఎంత కావల్ల?"

భార్య కొంగుతో మూతి అదుముకుని నావైపు చూసింది. ఆమె తల్లిని గురించిన ఆ మాట నిజమో అబద్ధమో నేను చెప్పాలని చూసింది. ఎండుచేపకూ ఎముకలోని చీముకూ సంబంధం లేదని నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. నివేదికలో "చికిత్స క్రమం తప్పినట్టు తోచుచున్నది" అని రాశాను. ఏమి రాశారు సామీ అని తల్లి అడిగితే, "క్రమం తప్పితే ఇలాగే అవుతుంది," అన్నాను. పథ్యం అన్న మాట నేను వాడలేదు. కానీ ఆమె కోడలివైపు తిరిగి, "విన్నావా? పెద్ద చదువు చదివిన సారే చెప్తా ఉండాడు," అన్నప్పుడు ఖండించనూలేదు.

తరువాత అతణ్ణి సేలం తీసుకువెళ్ళారు. మోకాలి కిందినుంచి కాలు తీసేశారని మా వైద్యుడు కొన్ని వారాల తరువాత చెప్పారు. సూదిమందు సక్రమంగా వేయించుకోకపోతే ఇంతే అన్నారు. నా నివేదికలోని మాటే అది. ఆయన నోట వింటే మరింత నిజంలా వినిపించింది.

సుమారు మూడేళ్ళు గడిచాయి. మద్రాసులో పదిహేను రోజుల శిక్షణ తరగతికి నన్ను పంపారు. నాలుగోనాటి మధ్యాహ్నం ఒక ప్రొఫెసరుగారు నల్లబల్లమీద రెండు చిన్న చుక్కలు పెట్టి, ఒకదాని చుట్టూ ఒక ఆకారం గీశారు. మూడు వైపులా గుండ్రం. నాలుగో వైపు తిన్నగా.

నా చేతిలోని కలం ఆగిపోయింది.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంత సరళంగా రాస్తాను. ఎరిత్రోమైసిన్, లింకోమైసిన్ రెండూ సూక్ష్మజీవిలో ఒకే చోట పట్టుకుని దాన్ని చంపుతాయి. కొన్ని సూక్ష్మజీవులలో ఆ చోటును మార్చివేసి, రెండు మందులనూ పట్టుకోనీయకుండా చేసే జన్యువు ఒకటి ఉంటుంది. అయితే ఆ జన్యువు ఎప్పుడూ పనిచేయదు. దాని ముందు ఒక నియంత్రక భాగం ఉంటుంది. పాలకోడు చక్కెర మిల్లు కూతను ఎరిగినవారికి నేను ఇలా చెబుతాను: కూత వేసేదాకా పనివారు ఆవరణలో పడుకునే ఉంటారు. ఎరిత్రోమైసిన్ వచ్చినప్పుడే ఆ కూత మోగుతుంది, జన్యువు లేచి పని మొదలుపెడుతుంది. లింకోమైసిన్ వచ్చినప్పుడు కూత మోగదు. పనివారు లేవకముందే సూక్ష్మజీవి చస్తుంది. అందుకే లింకోమైసిన్ ఎరిత్రోమైసిన్‌కు దూరంగా ఉన్న ప్లేటులో ఖాళీ గుండ్రంగా వస్తుంది, చూసినవాడు మోసపోతాడు. రెండు బిళ్ళలనూ పక్కపక్కన పెడితే, ఎరిత్రోమైసిన్ సోకిన వైపు మాత్రం జన్యువు మేలుకుంటుంది. ఆ వైపు ఖాళీ తిన్నగా తెగిపోతుంది.

"ఇక రోగిలో జరిగేది వినండి," అన్నారు ఆయన. పుండులో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. వాటిలో ఏ కొన్నింటిలోనో ఆ నియంత్రక భాగం దానంతట అదే పాడై ఉంటుంది. చెడిన కూత మోగుతూనే ఉంటుంది, జన్యువు నిద్రపోనే పోదు. లింకోమైసిన్ ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ కొన్నే మిగిలి, వాటి సంతతే పుండంతా నిండుతుంది. మొదట వారం పది రోజులు రోగి కోలుకున్నట్టే ఉంటాడు.

ఎవరో ఇది కొత్తగా కనిపెట్టినదా అని అడిగారు. ఆయన నవ్వి, చాలా ఏళ్ళుగా పుస్తకాలలో ఉన్నదే అన్నారు. ఒక పుస్తకం పేరు చెప్పారు. ఆ పుస్తకం నా బీరువాలో ఉంది. ఖాకీ కాగితంతో అట్టవేసి, వీపుమీద చక్కని అక్షరాలతో పేరు రాసి, పై అరలో ఎడమనుంచి రెండోది.

తరగతిలో మరో వ్యక్తి లేచి, తన దగ్గర ఇటువంటి రోగి ఒకడు ఉండేవాడని, తాను పొరబడ్డానని అందరి ముందూ చెప్పాడు. నేను లేవలేదు.

ధర్మపురికి తిరిగివచ్చిన ఉదయమే పాత రిజిస్టరు తీశాను. ఎర్ర గీతల కింద ఆమె వాక్యాలను మొదటిసారి పూర్తిగా చదివాను. కూడబలుక్కుంటూ చదవవలసివచ్చింది.

ఆమె బట్టతో బల్ల తుడుస్తున్నది. అట్టముక్కను తీసి ఆమె ముందే రెండుగా చింపి, మద్రాసులో విన్నదంతా చెప్పాను. నేను ముగించాక కూడా కాసేపు తుడుస్తూనే ఉంది.

"నాకు జన్యువులు గిన్యువులు తెలీదు సారు. అప్పళమే తెలుసు," అంది. కొంతసేపటికి మళ్ళీ, "ఆయప్పకు చెప్పినారా?"

"ఇప్పుడు చెప్పి ఏమి ప్రయోజనం? కాలు తిరిగిరాదు."

"కాలు రాదు. ఆయప్ప అమ్మ ఇంకా కరువాడు అనే కోడల్ని తిడతా ఉంటుంది కదా."

ఆదివారం ఇద్దరమూ కారిమంగళం బస్సు ఎక్కాము. రిజిస్టరును గుడ్డసంచిలో పెట్టుకున్నాను. పత్రం లేకుండా మాట్లాడడం నాకు తెలియదు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను మూడు వరుసలు ముందు.

అతను ఇంటిముందు రాతిపలకమీద కూర్చుని, ఇనుప కడ్డీతో చింతపండు కొట్టి గింజలు తీస్తున్నాడు. మా వైపు అది ఆడవాళ్ళు చేసే పని. అతని చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అదే పనిలో ఉన్నారు. వారిలో తల్లి ఒకరు. భార్య నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"రండి సారు! చెట్టు మింద ఉండేవాణ్ణి చెట్టు కిందికి దించినారు," అన్నాడు నవ్వుతూ. కాలు తీసినది నేనే అయినట్టు మాట్లాడాడని ఒక ఆడమనిషి అతణ్ణి గదిమింది. "సారు ఏం చేసినాడప్పా? నీ అత్త చేసింది గానీ."

అంటే ఆ మాట ఇంకా బతికే ఉంది. మూడేళ్ళుగా ఆ అత్త ఈ గడప తొక్కలేదనీ, భార్య పుట్టింటికి ఒక్కసారి కూడా పోలేదనీ కాసేపట్లోనే తెలిసింది. తల్లే చెప్పింది, గర్వంగా.

నేను చెప్పడం మొదలుపెట్టాను. సూక్ష్మజీవి మారిపోయిందన్నాను. లోపల ఒక భాగం చెడి, మందుకు లొంగకుండా పోయిందన్నాను. తీసుకున్న సూదులలో దోషం లేదన్నాను. అన్నీ నిజాలే. అతను కడ్డీ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"అది ముందే తెలుసుకునేదానికి ఉండిందా సారు?"

ఇక్కడ నేను చేసినది రాయడానికి కలం ముందుకు కదలడం లేదు. "ఆ రోజుల్లో ఇవన్నీ ఎవరికీ తెలియవు," అన్నాను.

తల్లి నిట్టూర్చింది. "ఎవురికీ తెలీని దానికి ఏం చేస్తాం? పురుగు మారిందంటే ఊరికే మారుతుందా సామీ? పథ్యం చెడితేనే మారుతుంది."

భార్య చెంబు తీసుకుని లోపలికి వెళ్ళబోయింది.

"సారు, పుస్తకం తెచ్చినారు కదా," అంది నాతో వచ్చినామె.

గట్టిగా అనలేదు. నాకోసం దుప్పటి పరిచిన చోట కాక, గింజలు తీసేవారి పక్కన కూర్చుని, తానూ నాలుగు కాయలు ఒలుస్తూ అంది. నా వైపు చూడలేదు. నేను సంచిలోంచి రిజిస్టరు తీసి, ఆ పుట తెరిచి, అతని చేతిలో పెట్టాను.

నల్ల సిరాతో ఉన్న నా ఇంగ్లీషు రాతను అతని కళ్ళు దాటిపోయాయి. అందులో అతనికి చదవగలిగినది ఏదీ లేదు. నేను చిత్తూరులో నేర్చిన లిపిలో రాసి ఉన్నా అతను చదవలేకపోయేవాడు. ఎర్ర గీతల దగ్గర అతని వేలు ఆగింది. తమిళ అక్షరాలు అతనికి వచ్చు. బడిపిల్లవాడిలా, తన ఇంటి భాషలో, గట్టిగా చదివాడు.

"జెంటా లేదు. లింకో వట్టం ఒక పక్క ఇరిగినట్టుండాది. ఎరిత్రో ఉండే పక్క ఇరిగింది. సారు చూడల్ల."

మళ్ళీ చదివాడు, ఈసారి మనసులో. "లింకో నాకేసిన ఊసి కదా. ఎరిత్రో నేను ముందు మింగిన మాత్ర." తలెత్తాడు. "ఇది ఎప్పుడు రాసింది?"

"నీకు మొదటి ఊసి వేయడానికి ముందు."

"రాసింది ఎవురు?"

ఆమె చింతగింజలు చాటలో వేస్తూ, "నేనే తమ్ముడూ," అంది.

"మింద గీత ఎవురు కొట్టినారు?"

"నేను," అన్నాను.

"ఏం తప్పుండాదని?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. మూడేళ్ళ కిందటే ఉంది. "తప్పు లేదు. ఆమె బిళ్ళలు వరుసలో పెట్టలేదు. అందుకు." అతనికి వినబడలేదు. మళ్ళీ చెప్పవలసివచ్చింది. "ఆమె చూసింది. నాకు చెప్పింది. నేను వినలేదు. నీవు క్రమం తప్పావని రాశాను. అది అబద్ధం. ఎండుచేపకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఆ రోజే నాకు తెలుసు."

అతను పుస్తకాన్ని తొడమీద ఉంచుకుని, కాలు లేని చోట చేత్తో రెండుసార్లు తట్టాడు. తరువాత తల్లివైపు తిరిగాడు.

"కరువాడు కాదంటమ్మా."

ముసలామె ముఖం తిప్పుకుంది. "ఎవురికి తెలుసు, ఈయప్ప అప్పుడొకటి చెప్తాడు, ఇప్పుడొకటి చెప్తాడు," అని గొణిగింది. ఆమె అన్నది న్యాయం.

భార్య గుమ్మం దగ్గరినుంచి వచ్చింది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే.

"ఆ కాగితం నాకియ్యండి సారు. మా అమ్మకు చూపించల్ల."

రిజిస్టరులోంచి పుట చింపడం అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఆ వాకిట ఎవరికీ తెలియదు. నకలు రాసి పంపిస్తానని అనబోయాను. ఆమె చెయ్యి చాచే ఉంది. నకలులో ఎర్ర గీత ఉండదు. నేను గీసినా అది వేరే గీత అవుతుంది.

గీటుకట్టె తెచ్చుకోలేదు. చేత్తోనే చించాను. అంచు వంకరగా వచ్చింది, కుట్టు దగ్గర ఒక ముక్క పుస్తకంలోనే ఉండిపోయింది.

ఆమె దాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని, తడి తగలకుండా చెంబును దూరంగా పెట్టింది. కంబైనల్లూరు బస్సు ఎన్ని గంటలకని అడిగింది. నన్ను కాదు, నాతో వచ్చినామెను.